ఎవరికీ అభ్యంతరం లేని పిల్లలు

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, మన వీధి చివర ఉన్న ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలోని రెండవ తరగతి బి సెక్షన్‌ను విద్యాశాఖ వారు ఆదర్శ సెక్షన్‌గా ప్రకటించారు. ఆ సెక్షన్‌లో అల్లరి లేదు. బడి మానేసినవాళ్లు లేరు, పరీక్ష తప్పినవాళ్లు లేరు, ముక్కు కారేవాళ్లు లేరు. మగపిల్లల సంఖ్యకూ ఆడపిల్లల సంఖ్యకూ తేడా లేదు. ఏ భాష వాళ్లు ఎక్కువ, ఏ పేట వాళ్లు తక్కువ అనే పేచీ లేదు. పిల్లలు కూడా లేరు.

ఇంతటి ఘనకార్యాన్ని హెడ్మాస్టరు గారు ఎవరి సాయమూ లేకుండా, ఒంటిచేత్తో, అదీ నిద్రపోతూ సాధించారు. ఆ ఏడాది సెలవుల్లో బడికి రంగులు వేయించారు. తలుపుల మీద తరగతుల పేర్లు రాసే పెయింటరుని పిలిపించి, "అన్ని తలుపుల మీదా రాసెయ్యవయ్యా" అని చెప్పి, మాస్టారు కుర్చీలో నడుం వాల్చారు. పెయింటరు చెప్పిన మాట జవదాటని మనిషి. తలుపు కనిపిస్తే వదల్లేదు. విరిగిన బల్లలూ కాళ్లూడిన కుర్చీలూ పడేసే సామాన్ల గది తలుపు మీద కూడా ముత్యాల్లాంటి అక్షరాలతో "రెండవ తరగతి - బి" అని రాశాడు. రాశాక, బి ఉన్నప్పుడు ఎ లేకపోతే బావుండదని వెనక్కి వెళ్లి, అసలు రెండో తరగతి తలుపు మీద ఎ కూడా తగిలించాడు.

మాస్టారు కళ్లు తెరిచి చూశారు. తుడిపించమంటే, రాస్తున్నప్పుడు మీరెక్కడున్నారండీ అని ఎవరైనా అడుగుతారు. అందుకని, "బావుందయ్యా, ముందుచూపు ఉండాలి" అన్నారు. ఆ ముందుచూపు ఎవరిదో పెయింటరుకి అర్థం కాలేదు. మాస్టారికి కూడా కాలేదు.

విద్యాశాఖ వారి లెక్కింపు విధానం చాలా శాస్త్రీయమైనది. తరగతికి ఎంతమంది పిల్లలున్నారో తేల్చడానికి వాళ్లు పిల్లల్ని చూడరు. పిల్లలు కదులుతుంటారు, లెక్క తప్పుతుంది. తలుపులు కదలవు. గేటు దగ్గర జీపు ఆపి, దిగకుండానే, వరండాలోని తలుపుల మీద పేర్లు లెక్కపెట్టుకుని వెళ్లిపోతారు. రిజిస్టరు ప్రకారం రెండో తరగతిలో పిల్లలు డెబ్బై ఎనిమిది మంది, తలుపులు రెండు, భాగిస్తే సగటున ముప్పై తొమ్మిది. తరగతికి నలభై దాటితేనే కొత్త టీచరుని ఇవ్వాలని నిబంధన. దాటలేదు కాబట్టి ఇవ్వక్కర్లేదు. పైగా పిల్లల సంఖ్యను ఇంత అదుపులో ఉంచినందుకు అభినందనలు అని ఒక కాగితం వచ్చింది.

ఆ కాగితం చూడగానే మాస్టారికి తప్పెక్కడుందో తెలిసిపోయింది. చదువుకునే రోజుల్లో లెక్కల్లో బంగారు పతకం తెచ్చుకున్న మనిషి. ఆ పతకం సాక్షిగా కింద సంతకం పెట్టారు.

ఇక్కడ ఒక చిన్న ఇబ్బంది వచ్చిపడింది. ఆ డెబ్బై ఎనిమిది మందికీ సగటు సంగతి ఎవరూ చెప్పలేదు. వాళ్లు పొద్దున్నే వచ్చి అందరూ ఎ సెక్షన్‌లోనే కూర్చునేవాళ్లు. ఆ గదిలో ఇసకేస్తే రాలదు. బల్ల మీద పట్టనివాళ్లు నేల మీద, నేల మీద పట్టనివాళ్లు కిటికీ గట్ల మీద, అక్కడా పట్టని ఒకరిద్దరు బీరువా పక్క సందులో సర్దుకునేవాళ్లు. మోచెయ్యి కదిపే చోటు లేదు కాబట్టి అందరూ ఒకేసారి రాయడం కుదరదు. కుడివైపు వాళ్లు రాస్తుంటే ఎడమవైపు వాళ్లు వింటారు. తర్వాత వీళ్లు రాస్తారు, వాళ్లు వింటారు. చివర కూర్చున్న పిల్ల పుస్తకం టీచరు చూడాలంటే అది పది చేతులు మారి రావాలి. వచ్చేసరికి అట్ట ఉండేది కాదు.

ఆ గదికి టీచరు రెండో తరగతి మేడమ్. అరిచి అరిచి ఆవిడ గొంతు ఎప్పుడో పోయింది. వారానికోసారి హెడ్మాస్టరు గది గుమ్మంలో నిలబడేవారు.

"సార్, ఆ సామాన్ల గది తాళం ఇవ్వండి. విరిగిన బల్లలు మేమే అవతల పడేసుకుంటాం. సగం మందిని మీరు తీసుకుంటే చాలు. ఎలాగూ కాగితాల మీద బి సెక్షన్‌కి మీరేగా టీచరు!"

"చూద్దామమ్మా" అనేవారు మాస్టారు.

ఆయన ఎవరికీ కాదని చెప్పి ఎరగరు. అవునని కూడా చెప్పి ఎరగరు. అడిగినవాళ్లు నొచ్చుకోకూడదు, తను కుర్చీలోంచి లేవకూడదు. ఈ రెండింటికీ మధ్య దొరికిన మాట అదొక్కటే. పిల్లలు ఆయనకి చూద్దాం మాస్టారు అని పేరు పెట్టుకున్నారు. ఆయన విన్నారు కూడా. పిల్లలకి పరిశీలన బాగా ఉందని ముచ్చటపడ్డారు.

తాళం ఇవ్వకపోవడానికి ఇంకో కారణం ఉంది. అది ఆయన ఎవరికీ చెప్పలేదు, మనకి మాత్రం తెలుసు. మధ్యాహ్నం భోజనం కాగానే ఆయన బి సెక్షన్‌లోకి వెళ్లి లోపల గడియ పెట్టుకునేవారు. మూడు కాళ్ల బల్లకి నాలుగో కాలుగా ఇటుకలు పేర్చి, దాని మీద పడుకుని, కళ్లు మూసుకుని పాఠం చెప్పేవారు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఇంత బుద్ధిగా వినే క్లాసు తనకి దొరకలేదని తనలో తనే నవ్వుకునేవారు. నిజం చెప్పాలంటే ఆయనకి పాఠం చెప్పే అలవాటు పోయి చాలా కాలమైంది. ఏడేళ్ల పిల్లల ముందు సుద్దముక్క పట్టుకుని నిలబడాలంటే లోపల ఎక్కడో బెరుగ్గా ఉండేది. బంగారు పతకానికి ఎక్కాలు మర్చిపోయానేమోనన్న భయం.

ఇలా ఉండగా ఒకనాడు విద్యాశాఖ అధికారి గారి జీపు టైరు సరిగ్గా బడి గేటు ముందే పేలింది. అధికారి గారు దిగక తప్పలేదు. దిగినవారు ఊరికే ఉండక వరండాలో నడిచారు. ఎ సెక్షన్ ముందు చెవులు మూసుకున్నారు. బి సెక్షన్ ముందు ఆగారు. తలుపు వేసి ఉంది. లోపల నుంచి చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు. చాలాసేపు విన్నారు. ఆయన కళ్లు చెమర్చాయి.

టైరు మార్చేలోపు మైదానంలో సభ ఏర్పాటైంది. అధికారి గారు గొంతు సవరించుకున్నారు.

"నేను ఎన్నో బడులు చూశాను. ఎక్కడ చూసినా పిల్లలు, పిల్లలు, పిల్లలు! ఈ సమస్యకి పరిష్కారం లేదా అని తల్లడిల్లాను. ఇక్కడ పరిష్కారం కనిపించింది. బి సెక్షన్‌లో క్రమశిక్షణ చూశాను. ఏకాగ్రత చూశాను. అందరూ సమానమే అన్న భావన చూశాను. ఒకరు ఎక్కువ కాదు, ఒకరు తక్కువ కాదు. ఆ నిశ్శబ్దాన్ని నడిపిస్తున్న టీచరు ఎవరో ఒకసారి లేచి నిలబడండి!"

మాస్టారు అప్పటికే నిలబడి ఉన్నారు. తల దించుకున్నారు. అందరూ దాన్ని వినయం అనుకున్నారు.

ఆ వారమే ఆదర్శ సెక్షన్ ప్రకటన వచ్చింది. దాంతో బడికి గిరాకీ పెరిగింది. ఇన్నాళ్లూ ఆ గేటు వైపు తలతిప్పి చూడనివాళ్లు కూడా తెల్లారేసరికి వచ్చి వరండాలో నిలబడ్డారు. మా వాడికి బి సెక్షన్‌లో ఒక్క సీటు చాలండి, అక్కడ రద్దీ ఉండదట కదండీ, అని బతిమాలారు. ఎ సెక్షన్‌లో పిల్లలున్నవాళ్లు వాళ్లని లోపలికి రానివ్వకుండా, ముందు మాకు ఇవ్వాలని గట్టిగా పట్టుబట్టారు. మాస్టారు అందరికీ చూద్దామన్నారు.

ఆఖరికి ఆయన కూతురు కూడా వచ్చింది. మనవరాలిని తెచ్చి ఎ సెక్షన్‌లో చేర్చింది. "కొన్నాళ్లే కదా నాన్నా. తర్వాత నువ్వే దాన్ని బి లోకి మారుస్తావు" అంది. ఆయన ఇన్నేళ్ల ఉద్యోగంలో సొంతవాళ్లు ఆయన బడిలో పిల్లని చేర్చడం అదే మొదటిసారి. ఆయనకి గర్వంగానూ అనిపించింది, నవ్వూ వచ్చింది. పిల్లలున్నంత కాలం రానివాళ్లు, పిల్లలు లేరని తెలిశాక వచ్చారు.

పాపతో కలిపి ఎ సెక్షన్‌లో డెబ్బై తొమ్మిది మంది అయ్యారు. సగటు ఇంకా నలభై దాటలేదు.

ఒక సాయంత్రం బడి వదిలాక రెండో తరగతి మేడమ్ వచ్చి, ఎప్పటిలా గుమ్మంలో నిలబడకుండా, కుర్చీ లాక్కుని కూర్చున్నారు. తాళం అడగలేదు.

"ఇవాళ ఒక పిల్ల వాళ్లమ్మ వచ్చింది సార్. పనిలోంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. మా అమ్మాయి ఎలా చదువుతోంది టీచరమ్మా అంది. బాగానే చదువుతోందమ్మా అన్నాను. ఆవిడ సంతోషంగా వెళ్లిపోయింది. అప్పుడు చూసుకుంటే, ఆ పిల్ల ఎవరో నాకు తెలీదు సార్."

"మర్చిపోయి ఉంటావమ్మా. అంతమందిలో…"

"మర్చిపోలేదు. అసలు తెలీదు. వెళ్లి వెతికితే బీరువా పక్క సందులో ఉంది. బడి తెరిచినప్పటి నుంచీ అక్కడే కూర్చుంటోందట. అక్కణ్ణించి బోర్డు కనపడదు. ఆ పిల్ల గొంతెలా ఉంటుందో కూడా నాకు తెలీదు. నేనేమో బాగా చదువుతోందని చెప్పాను." ఆవిడ కొంగుతో మొహం తుడుచుకున్నారు. "ఇంక నావల్ల కాదు సార్."

మాస్టారికి సిగ్గేసింది. నిజంగానే వేసింది, ఇందులో వెటకారం ఏమీ లేదు. మధ్యాహ్నం తను వెల్లకిలా పడుకునే చోటు గుర్తొచ్చింది. జీవితంలో మొదటిసారి ఆయన నోట చూద్దాం అన్న మాట రాలేదు.

"తెరిచేద్దామమ్మా. సగం మందిని నేను తీసుకుంటాను" అన్నారు.

మేడమ్ మొహం వెలిగిపోయింది. "పేర్ల వరసలో పై సగం నాకు, కింది సగం మీకు. రెండు నిమిషాల పని సార్."

అక్కడే మాస్టారు పప్పులో కాలేశారు. రెండు నిమిషాల పనిని రెండు నిమిషాల్లో చేసేస్తే జనం ఏమనుకుంటారు? పై సగం వాళ్లు మమ్మల్ని ఎందుకు బి లో వేయలేదంటారు. అర్జీలు పెడతారు. అందరి మనసూ గెలిచే మార్గం ఒకటి ఆయనకి తట్టింది. తల్లిదండ్రుల సమావేశం పెట్టాలి. పిల్లల పేర్లన్నీ బోర్డు మీద రాయాలి. ఎవరి పేరు మీద ఎవరికీ అభ్యంతరం లేదో, ఆ పిల్లల్ని బి సెక్షన్‌కి పంపాలి. నొచ్చుకునేవాళ్లే ఉండరు. ఈ పద్ధతికి సర్వామోదం అని పేరు కూడా పెట్టుకుని, తన తెలివికి తనే మురిసిపోయారు.

సమావేశానికి ఎ సెక్షన్ గది సరిపోలేదు. పెద్దవాళ్లు పిల్లల బల్లల మీద మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నారు. పిల్లల పేర్లన్నీ మేడమ్ ముందే బోర్డు మీద రాసిపెట్టారు. తరగతికి తక్కువ మంది పిల్లలుండాలని మాస్టారు అనగానే చప్పట్లు ఆగకుండా మోగాయి. ఆ విషయంలో ఊరంతా ఒక్కటే మాట. ఎవరు తగ్గాలన్న దగ్గరే కాస్త చర్చ జరిగింది.

ముందుగా మందుల షాపు ఆయన లేచారు. "నాకు ఎవరి మీదా చిన్నచూపు లేదండీ. నా షాపుకి అందరూ వస్తారు. కానీ ఎదురుగా కడుతున్న అపార్ట్‌మెంట్ల దగ్గర, ఆ రేకుల షెడ్లలో ఉండే పిల్లలు దగ్గుతారు. నా వ్యాపారం నడిచేదే దగ్గు మీద, నాకు తెలీదా? షాపులో దగ్గితే పర్లేదు. మా వాడి పక్కన కూర్చుని దగ్గకూడదు."

అభ్యంతరం సహేతుకమే. మాస్టారు షెడ్ల పిల్లల పేర్లు తుడిచారు.

షెడ్లలో మొదటి వరసలో ఉండే తాపీమేస్త్రీ భార్య లేచింది. ఇప్పుడు ఆవిడ మందుల షాపు ఆయన్ని కడిగేస్తుందని అందరూ సర్దుకుని కూర్చున్నారు. "తీస్తే మా వెనక వరసవాళ్ల పిల్లల్ని తీయండి సార్. వాళ్లు మొన్న మొన్న వచ్చినోళ్లు. మేం వచ్చి ఏడాదైంది. మమ్మల్నీ వాళ్లనీ ఒకే గాటన కడితే ఎలా?" అంది. వాళ్ల పేర్లు అప్పటికే పోయాయి కాబట్టి, ఆవిడకి న్యాయం జరిగినట్టే నమోదైంది.

బ్యాంకు గుమాస్తా గారు విశాల హృదయులు. భాషలన్నీ గొప్పవే అన్నారు. అయితే ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లల పక్కన కూర్చుంటే వాళ్ల అమ్మాయి భాష పాడవుతుందన్నారు. వేరే భాష మాట్లాడే తాతగారు ఒకరు లేచి, గుమాస్తా గారి అమ్మాయి పక్కన కూర్చున్నప్పటి నుంచీ తన మనవడు ఇంట్లో సొంత భాష మర్చిపోయాడని వాపోయారు. రెండు వైపులా పేర్లు తుడిచాక ఇద్దరూ నమస్కారాలు చేసుకున్నారు.

ఆడపిల్లల తల్లి ఒకావిడ తోసే మగపిల్లలు వద్దన్నారు. మగపిల్లల తండ్రి ఒకాయన టీచరుకి చాడీలు చెప్పే ఆడపిల్లలు వద్దన్నారు. బాగా చదివే పిల్లల వాళ్లు చదవని పిల్లలు వద్దన్నారు, వాళ్లతో ఉంటే తమవాళ్లు వెనకబడతారట. చదవని పిల్లల వాళ్లు చదివేవాళ్లు వద్దన్నారు, వాళ్లతో ఉంటే తమవాళ్లు చిన్నబోతారట. ఎడమచేత్తో రాసేవాళ్ల మోచెయ్యి తగులుతుందని ఒక నాయనమ్మ అంది. కవల పిల్లలు ఒకే కుటుంబం నుంచి రెండు సీట్లు కాజేస్తారని దర్జీ అన్నాడు. హెడ్మాస్టరు గారి మనవరాలుంటే మిగతా పిల్లలకి న్యాయం జరగదని వెనక నుంచి ఎవరో అన్నారు. కూతురు తండ్రి వైపు చూసింది. మాస్టారు నిష్పక్షపాతి. మనవరాలి పేరు కూడా తుడిచారు. దానికి చప్పట్లు బాగా పడ్డాయి.

డస్టరు దులిపి, సుద్దపొడి కళ్లలోంచి తుడుచుకుని చూస్తే బోర్డు మీద అడుగున, కుడివైపు మూల, ఒక్క పేరు మిగిలి ఉంది.

"ఈ అమ్మాయి ఎవరండీ?" అన్నారు గుమాస్తా గారు. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎవరికీ తెలీదు. తెలియని పిల్ల మీద ఏమని అభ్యంతరం చెబుతారు? ఆ పిల్ల తల్లికి ఆ పూట పనిలో సెలవు దొరకలేదు.

మేడమ్ లేచారు. పోయిన గొంతుతోనే, "బీరువా పక్కన కూర్చునే పిల్ల. ఎవరికీ అభ్యంతరం లేదుగా సార్? రేపు ఈ ఒక్క పిల్లతోనే మొదలుపెట్టండి. ఎల్లుండి ఇంకొకరు వస్తారు" అన్నారు.

మాస్టారికి ఒక్క క్షణం ఆశ పుట్టింది. శుభ్రంగా ఊడ్చిన గది, ఒక బల్ల, ఒక పిల్ల, సుద్దముక్కతో తను. ఒక్క పిల్లకి చెప్పడం తనకి చేతనవుతుందనిపించింది. ఆ పిల్ల నోరు విప్పి రెండు రెళ్లు అంటే వినాలని కూడా అనిపించింది.

అంతలో గది భగ్గుమంది. "ఒక్క పిల్లకి ఒక గదా? ఒక హెడ్మాస్టరా? మా పిల్లలేం పాపం చేశారు?" మందుల షాపు ఆయనా, తాపీమేస్త్రీ భార్యా, గుమాస్తా గారూ, తాతగారూ ఒకే గొంతుతో అన్నారు. ఏ భాష, ఏ పేట అన్న తేడా ఎవరికీ గుర్తు రాలేదు. ఆ సాయంత్రం అక్కడ వెల్లివిరిసిన ఐకమత్యం చూస్తే ఎవరికైనా ఒళ్లు పులకరిస్తుంది.

అందరూ మాస్టారి వైపు చూశారు. కుదరదండీ, రేపటి నుంచి ఆ పిల్ల బి సెక్షన్‌లో కూర్చుంటుంది, అంటే సరిపోయేది. ఆ మాట ఆయన గొంతు దాకా వచ్చింది కూడా. కానీ అలవాటు లేని మాట కావడంతో బయటికి దారి తెలియలేదు. డస్టరు మాత్రం చేతిలోనే ఉంది.

జనం వెళ్లిపోయాక మేడమ్ కిటికీలు మూస్తూ అడిగారు. "తుడిచే ముందు ఆ పేరు చదివారా సార్?"

ఆయన చదవలేదు. చదివి ఉంటే మీకు ఇక్కడ చెప్పేవాళ్లం.

తల్లిదండ్రులందరి భాగస్వామ్యంతో, ఒక్క అసమ్మతి గొంతు కూడా లేకుండా, బి సెక్షన్ విద్యార్థుల సంఖ్యను సున్నాగా ఖరారు చేసినట్టు మాస్టారు పైకి రాశారు. శాఖ వారు పరమానందపడి, సర్వామోద పద్ధతిని అన్ని బడుల్లోనూ అమలు చేయాలని ఆదేశించారు. శిక్షణ ఇవ్వడానికి మాస్టారినే పిలిచారు. ఆయన వెళ్తున్నారు, చెబుతున్నారు, శాలువాలు కప్పించుకుంటున్నారు. మధ్యాహ్నాలు బి సెక్షన్‌లో పడుకుంటే మాత్రం ఈ మధ్య నిద్ర పట్టడం లేదట. ఇటుకలు సరిగ్గా లేవేమోనని మార్చి చూసుకున్నారు. ఎ సెక్షన్‌లో డెబ్బై తొమ్మిది మందీ క్షేమం. మేడమ్ బదిలీకి పెట్టుకున్నారు.

సమావేశానికి వచ్చినవాళ్లంతా మర్యాదస్తులే. ఒక్కొక్కరూ వద్దన్నది ఒకరిద్దరినే. బోర్డంతా తుడవమని ఎవరూ అనలేదు. ఇది చదువుతున్న మీరూ మర్యాదస్తులే. పేర్లు తుడుస్తున్నంత సేపూ, మీ పిల్ల పక్కన కూర్చోకూడని పిల్ల ఎవరో ఒకరు మీకూ మనసులో మెదిలే ఉంటారు. లేచి చెప్పే శ్రమ మీకెందుకని, మాస్టారు ఆ పేరు కూడా తుడిచేశారు.